ఊరి పుస్తకం ఫోన్‌లోకి ఎక్కిన కథ: ఒక డీటీపీ ఆపరేటర్ అనుభవం

2023 జూన్‌లో ఒక మధ్యాహ్నం సారు మా షాపు మెట్లెక్కి వచ్చారు. చేతిలో బట్ట సంచి. అందులో నుంచి ఒక సీడీ, ఒక పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టారు. అట్ట చూడగానే గుర్తుపట్టాను. 2006లో నేను కంపోజ్ చేసిన పుస్తకమే అది. పరకాల దిక్కు ఒక ఊరి చరిత్ర. ఆ ఊరి ఇంటిపేర్లు, కుంటల పేర్లు, చెలకల పేర్లు, పనిముట్లు, ఎవరి తాత ఎక్కడి నుంచి వలస వచ్చాడు, అన్నీ కలిపి 312 పేజీలు. సారు తెలుగు పండితుడిగా రిటైరయ్యాక సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి రాసుకున్నది. అప్పట్లో 500 కాపీలు వేశారు. ఇప్పుడు ఆయన దగ్గర ఈ ఒక్కటే మిగిలింది.

"బిడ్డా, ఇది ఫోన్ల చదువుకునేటట్టు అయితదా? ఎవలన్న వాళ్ల తాత పేరు కొడితే ఆ పేజీ రావాలె. మా మనుమడు ఒక్కతీరుగ అడుగుతున్నడు" అన్నారు.

"అయితది సారూ. ఫైలు నా దగ్గరనే ఉన్నది" అన్నాను. వారం పది రోజుల పని అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

హనుమకొండలో యూనివర్సిటీ క్రాస్ రోడ్డు దగ్గర నాది చిన్న డీటీపీ షాపు. నాలాంటి వాళ్లు మన దగ్గర ఊరూరా ఉన్నారు. వాళ్ల పాత కంప్యూటర్లలో ఇట్లాంటి పుస్తకాలు, పీహెచ్‌డీ థీసిస్‌లు, కులపురాణాలు, గుడి చరిత్రలు ఎన్నో పడి ఉన్నాయి. వాళ్లలో ఒక్కరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను పని నేర్చుకున్నది 1999లో, వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక ప్రెస్సులో. అక్కడి పెద్దాయన అంతకుముందు ఇరవై ఏండ్లు సీసం అక్షరాలు పేర్చిన కంపోజిటర్. ప్రెస్సుకు కంప్యూటర్ వచ్చాక ఆయన ప్రూఫులు చూసే పనిలోకి మారాడు. అక్షరాలు పెట్టుకునే గళ్ల పెట్టెలు, పాత కేసులు, ఇంకా ఒక గోడ పొంటి ఉండేవి. ఒత్తులు ఒక గడిలో, గుణింతపు గుర్తులున్న అక్షరాలు ఒక గడిలో. "తెలుగక్షరం ఒక్కటిగ రాదమ్మా, ముక్కలుగ వస్తది. పేర్చేటోని చెయ్యి దాన్ని అక్షరం జేస్తది" అనేవాడు. నేను పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్‌తో టైపు చేస్తున్నప్పుడు నాది ఆయన పనికి పూర్తిగా వేరే పని అనుకునేదాన్ని. కంప్యూటర్ లోపల కూడా అదే ముక్కల పేర్పు జరుగుతోందని తెలుసుకోవడానికి నాకు ఇరవై నాలుగేండ్లు పట్టింది.

అదేందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా నాలుగు నెలల కష్టమంతా అక్కడి నుంచే వచ్చింది.

పాత ఫాంట్లు తయారైన రోజుల్లో కంప్యూటర్‌కు తెలుగు రాదు. ఇంగ్లిషు అక్షరాలు, కొన్ని గుర్తులు, అంతే దానికి తెలిసినవి. అందుకని ఫాంట్ చేసిన వాళ్లు ఆ ఇంగ్లిషు స్థానాల్లోనే తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. ప అనే అక్షరానికి ఒళ్లు ఒకచోట, తలకట్టు మరోచోట. మ అంటే రెండు ముక్కలు: ముందు భాగం, వెనుక కొమ్ము. అదే కొమ్ము ముక్క య చివర కూడా వచ్చి కూర్చుంటుంది. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది కానీ ఫైలులో ఉన్నది ఇంగ్లిషు గుర్తుల వరస. ఫాంట్ తీసేస్తే ఏమీ అర్థం కాని గీతలు, చుక్కలు మిగులుతాయి. కాగితం మీద అచ్చు వేయడానికి ఇది చాలు. ఆ ఫాంట్ల అందం వల్లనే తెలుగునాట పాతికేండ్ల పాటు పెండ్లి పత్రిక నుంచి పత్రికల దాకా నడిచాయి. నా కుటుంబం కూడా వాటి మీదనే బతికింది. కానీ పేరు కొట్టి వెతకాలంటే? కంప్యూటర్‌కు అక్కడ పేరే లేదు.

ప్రతి భాషలో ప్రతి అక్షరానికీ ఒక సంకేతం ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో లెక్క వేరు. 1991లో దాని మొదటి వెర్షన్ వచ్చినప్పుడే తెలుగు అందులో ఉంది. మన లిపికి 128 స్థానాలు కేటాయించారు. మ అంటే ఒక్కటే సంకేతం, దాని ఆకారంతో సంబంధం లేదు. ప్ర కావాలంటే ప, పొల్లు, ర అని మనం పలికే వరసలో ఉంటాయి. అతికించి చూపించే పని ఫాంటుది. మన దంత్య చ, దంత్య జ లకు కూడా 2008లో చోటు దొరికింది.

ఇదంతా నాకు కొంత కొంత తెలుసు. తెలిసి కూడా మేం షాపుల్లో చేసింది ఏమిటంటే, వ్యతిరేక దిశలో నడవడం. పదేండ్లుగా కస్టమర్లు మ్యాటర్ చేతిరాతలో తేవడం లేదు. వాట్సాప్‌లో పంపుతారు. అది యూనికోడ్. మా పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. కాబట్టి వచ్చిన యూనికోడ్‌ను పాత ఫాంట్‌లోకి మార్చి, ప్లేట్ తీసి, అచ్చు వేసి ఇచ్చేవాళ్లం. బతికి ఉన్న అక్షరాన్ని తెచ్చి బొమ్మగా మార్చి ఇస్తున్నామన్నమాట. ఎన్నికల ఏడు, మేడారం జాతర ఏడు పని ఒత్తిడిలో దాని గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది?

సారు ఇచ్చిన సీడీ సంగతి ముందు. నా కంప్యూటర్‌కు సీడీ డ్రైవే లేదు. ఒక మిత్రుడి దగ్గర ఉంటే పెట్టి చూశాం, సగం దాకా చదివి ఆగిపోయింది. అయితే నా పాత హార్డ్‌డిస్క్ మా ఇంట్లో సజ్జ మీద ఉంది. దాన్ని తెచ్చి, విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత మిషన్‌కు కలిపితే ఫైళ్లు దొరికాయి. పద్నాలుగు అధ్యాయాలు, పద్నాలుగు ఫైళ్లు. ఆ రోజు నేను ఆ మిషన్‌ను ఆపకుండా ముందు రెండు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేశాను. మీ దగ్గర పాత డిస్క్ ఉంటే మిగతాదంతా తర్వాత, ఈ ఒక్క పని ఈ వారమే చేయండి.

పేజ్‌మేకర్ నుంచి ఒక్కో అధ్యాయాన్ని టెక్స్ట్‌గా బయటికి తీసి, పాత ఫాంట్ మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేశాను. మొదటి అధ్యాయం బాగానే వచ్చింది. మూడోదానికి వచ్చేసరికి అంతా గందరగోళం. గంటసేపు తల పట్టుకున్నాక గుర్తొచ్చింది. 2006లో ఆ పని నడుస్తుండగా మేం ఫాంట్ వెర్షన్ మార్చాం. ఆరు, ఏడు వెర్షన్లలో ముక్కల స్థానాలు ఒకటి కాదు. ఫైళ్లను రెండు కుప్పలు చేసి, దేనికి తగ్గట్టు దాన్ని మార్చాను.

తర్వాత క్రావడి, అంటే ర ఒత్తు. పాత పద్ధతిలో కంటికి కనిపించే వరసే ఫైలులో వరస. క్రావడి ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది కాబట్టి ముందు ఆ ముక్క, తర్వాత అక్షరం. యూనికోడ్‌లో ముందు అక్షరం, దాని తర్వాత ర రావాలి. కన్వర్టర్ చాలాచోట్ల సరిగ్గానే తిప్పింది. కానీ అక్షరానికి ఇంకో ఒత్తో, గుణింతమో తోడైన చోట తడబడి క్రావడిని పక్క అక్షరానికి తగిలించింది. శాస్త్రి, రాష్ట్రం లాంటి మాటలు వచ్చిన ప్రతిచోటా ఆగాల్సి వచ్చింది.

ఇంగ్లిషు మాటలు ఇంకో బాధ. పుస్తకంలో అక్కడక్కడా రికార్డు నంబర్లు, ఆఫీసు పేర్లు ఇంగ్లిషులో ఉన్నాయి. టెక్స్ట్‌గా తీసేటప్పుడు ఏ మాట ఏ ఫాంట్‌లో ఉందో పోతుంది. దాంతో కన్వర్టర్ ఆ ఇంగ్లిషును కూడా తెలుగు ముక్కలే అనుకుని మార్చేసింది. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కోటి మళ్లీ కొట్టడమే.

అన్నిటికంటే ఎక్కువ టైం తిన్నది నా చేతి పనే. అప్పట్లో లైన్ నిండకపోతే మాటను మధ్యలో విరిచి, చేత్తో హైఫన్ పెట్టి, కింది లైన్‌కు నెట్టేవాళ్లం. పేజీలో అందంగా కనిపించేది. ఇప్పుడు పేజీ లేదు, లైన్ లేదు, కానీ హైఫన్లు మిగిలాయి. "ములు-గు", "చెన్నా-రం" అని మాటల నడుమ విరుగుళ్లు. సగం ఊరి పేర్లు వెతికితే దొరకకుండా పోయేవి ఇందువల్లనే. వంశవృక్షాలనైతే ట్యాబ్‌లు కొట్టి పేర్చాను కాబట్టి తాతలు, మనుమలు ఒకే వరసలోకి వచ్చి కలిసిపోయారు. పదకొండు వంశవృక్షాలు. అవి మాత్రం సారును పక్కన కూర్చోబెట్టుకుని కొత్తగా కట్టాం.

ఇంకో చిన్న సంగతి, చిన్నదే కానీ ప్రతి ఆపరేటర్‌కూ ఎదురవుతుంది. పొల్లు తర్వాత ఇంకో హల్లు వస్తే యూనికోడ్ దాన్ని ఒత్తుగా కిందికి దించేస్తుంది. రాజ్‌కుమార్ అని రాయబోతే జకు కవత్తు పడుతుంది. పాత ఫాంట్‌లో ఈ సమస్యే లేదు, పొల్లును మనమే పెట్టేవాళ్లం. ఇక్కడ మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు వేయాలి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కనిపించని గుర్తు కోసం వేళ్లకు కొత్త అలవాటు చేయడం ఈ వయసులో నాకు కష్టమే అయింది, అయినా చేశాను.

జులై చివరికి నా చేతిలో తెలుగులా కనిపించే మ్యాటర్ ఉంది. తప్పులు మాత్రం పేజీకి పది పదిహేను. అప్పుడు మా తమ్ముడి కొడుకు ఒక సలహా ఇచ్చాడు. "అత్తా, ఏఐకి ఇస్తే ఐదు నిమిషాల్ల దిద్ది ఇస్తది." నిజమే అనిపించి ఒక చాట్‌బాట్‌కు నాలుగో అధ్యాయం ముక్కలు ముక్కలుగా ఇచ్చాను. చూస్తే ఆశ్చర్యం. క్రావళ్లు సర్దింది, విరిగిన మాటలు కలిపింది, చక్కగా సాగే తెలుగు. సంతోషంగా సారుకు ప్రింట్ తీసి ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. ముఖంలో నవ్వు లేదు. "ఇది నేను రాసింది గాదు బిడ్డా" అన్నారు.

ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టుకొచ్చారు. ఆయన రాసిన "దూప", అంటే దాహం, "ధూపం" అయింది. ఎండన పడి నడిచొచ్చిన మనిషికి దూప అయితే అక్కడ ధూపం వేస్తున్నారు! "గెట్టు" తగాదా "గట్టు" తగాదా అయింది. "కచ్చురం కట్టుకొని", అంటే ఎడ్లబండి కట్టుకొని, వచ్చిన పెండ్లివారు "కచ్చితంగా కట్టుకొని" వచ్చారు. "మక్కలు" మొక్కజొన్నలయ్యాయి, "బాపు" నాన్న అయ్యాడు. తప్పును, మా మాటను అది ఒకే గాటన కట్టింది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది వేరే. ఇవేవీ తప్పుల్లా కనిపించలేదు. కన్వర్టర్ తప్పు చేస్తే అక్షరం వికారంగా కనిపిస్తుంది, కన్ను ఆగుతుంది. ఈ తప్పు నున్నగా ఉంది. నేను చదివి కూడా దాటిపోయాను. ఇరవై నాలుగేండ్లుగా ప్రూఫులు చూస్తున్న మనిషిని, ఈ నేల మీద పుట్టిన మనిషిని, నేనే దాటిపోయానంటే ఇంకెవరు పట్టుకుంటారు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ప్రింట్ పక్కన పడేసి, కన్వర్టర్ నుంచి వచ్చిన తప్పుల మ్యాటర్‌నే మళ్లీ తీసుకున్నాను. ఆ తర్వాత ఏఐని వాడలేదని కాదు, వాడాను. అయితే దిద్దమని కాదు, అనుమానం ఉన్న మాటలను మాత్రం వరసగా రాసి ఇవ్వమని. మూల మ్యాటర్‌ను దాని చేతికివ్వలేదు. అది చూపిస్తుంది, నేను చూస్తాను, నాకు తెలియకపోతే సారును అడుగుతాను. అది ఇచ్చిన వరసలో సగానికి పైగా మా వాడుక మాటలే ఉండేవి, వాటిని వదిలేసేదాన్ని. మిగిలినవి నిజమైన తప్పులు. ఈ పద్ధతిలో పని బాగా తేలికైంది. ఇప్పుడు మా షాపులో ఇదే నియమం.

సారుకు శుక్లాల ఆపరేషన్ అయింది, ఎక్కువసేపు చదవలేరు. 312 పేజీల ప్రూఫు ఎట్లా చూస్తారు? దీనికి దారి అనుకోకుండా దొరికింది. మ్యాటర్ ఇప్పుడు నిజమైన తెలుగు కాబట్టి ఫోన్ దాన్ని పైకి చదవగలదు. రోజుకో పదిహేను పేజీలు ఆయన ఫోన్‌కు పంపాను, చదివించుకునే పద్ధతి నేర్పాను. ఆయన అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుని వినేవారు, చేతిలో నోట్‌బుక్. అక్షరం తప్పుంటే ఫోన్ పలికే తీరులో తెలిసిపోతుంది. కంటికి దొరకనివి ఎన్నో చెవికి దొరికాయి. ఫోన్ గొంతు మన యాసను పలకలేదు, "ఒచ్చిండు" దగ్గర తడబడేది. అయినా తాను ఎప్పుడో సైకిల్ మీద తిరిగి రాసుకున్న మాటలు పైకి వినిపిస్తుంటే సారు ముఖం చూడాలి. ఒకరోజు నేను వెళ్లేసరికి వాళ్లింటి పక్క ముసలవ్వ కూడా వచ్చి కూర్చుంది. చదువు రాని మనిషి. తన అత్తగారి ఇంటిపేరు వినపడగానే "ఇగో, గిది మాదే" అంది. ఆ పుస్తకం అచ్చయిన పదిహేడేండ్లలో ఆమెకు అందింది అదే మొదటిసారి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, మా వృత్తిలో ఇప్పుడు అందరి గుండెలో గుబులు అదే కాబట్టి. 2006లో ఈ పుస్తకానికి నేను పేజీకి 15 రూపాయల లెక్కన తీసుకున్నా. అది వేళ్లకు ఇచ్చిన కూలి. ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో మాట్లాడితే చాలు, మ్యాటర్ దానంతటదే పడుతుంది. టైపింగ్‌కు ధర లేదు. లగ్గం పత్రికలు కూడా 500 వేయించేవాళ్లు 100 వేయించి మిగతాది వాట్సాప్ వీడియో పంపుతున్నారు. "మిషినే చేసింది గదా అక్కా, పైసలెందుకు?" అని ముఖం మీదే అంటారు. నేను వాదించను. సారు ఎర్ర గుర్తులు పెట్టిన ఆ నాలుగో అధ్యాయం ప్రింట్ షాపులో దాచి ఉంచాను, అది చూపిస్తాను. ఇప్పుడు నేను తీసుకునేది చదివినందుకు. సారు దగ్గర నేను ఏమీ అడగలేదు, ఆయనే బలవంతంగా కవరు పెట్టి పోయారు.

చివరి అంకం త్వరగానే అయింది. యూనికోడ్ వచ్చిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కట్టాం. పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులన్నీ విడిపోతాయని ఒక పూట పోగొట్టుకున్నాక తెలిసింది. ఫాంట్ సురవరం పెట్టాం. ఉచితంగా దొరుకుతుంది. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద ఉన్న ఫాంట్ అని చెబితే సారు ఇంకోటి చూడనివ్వలేదు. ఫోన్ల కోసం మాత్రం పీడీఎఫ్ ఇవ్వలేదు. తెలుగు పీడీఎఫ్‌లో వెతికితే ఒత్తులున్న మాటలు చాలాసార్లు దొరకవు. ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలు చేసి ఇచ్చాం. అందులో ఉన్నది ఉన్నట్టు దొరుకుతుంది, అక్షరం సైజు పెంచుకోవచ్చు కూడా. ఒక కాపీ ప్రింట్ తీసి హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి ఇస్తానన్నారు.

సెప్టెంబర్ 9, కాళోజీ పుట్టినరోజు నాటికి పూర్తి చేయాలని సారు కోరిక. కుదరలేదు. అక్టోబర్‌లో, బతుకమ్మకు రెండు రోజుల ముందు పుస్తకం ఆయన ఫోన్‌లోకి ఎక్కించాను. మొదట ఏం వెతుకుతారా అని చూస్తున్నాను. వాళ్ల నాయిన పేరు అనుకున్నాను. కాదు, తనకు మొదట అక్షరాలు దిద్దించిన కానిగి బడి (వీధిబడి) పంతులు పేరు కొట్టారు. రామలింగం. తొమ్మిది చోట్ల వచ్చింది.

"పది ఉండాలె" అన్నారు సారు. "బడి ముంగట బాయి తవ్వించింది ఆయననే. అది రాసిన, నాకు యాదికున్నది."

బావి అని వెతికాం. ఆ పేజీ వచ్చింది. అక్కడ రాజలింగం అని ఉంది. కన్వర్టర్ తప్పు అనుకుని అచ్చు పుస్తకం తీశాను. 187వ పేజీ. అందులోనూ రాజలింగమే. 2006లో నేనే అట్లా కొట్టాను. ప్రూఫులో నాకూ సారుకూ కనపడలేదు. ఆ ఊళ్లో రాజలింగాలు కూడా ఉన్నారు కాబట్టి 500 కాపీలు చదివిన వాళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు. పదిహేడేండ్లుగా ఆ బావి ఇంకెవరో తవ్వించినట్టే ఉండిపోయింది.

సారు చాలాసేపు ఏమీ అనలేదు. నేను ఫైల్ తెరిచి జ తీసి మ పెట్టాను. ఆయన జేబులో నుంచి పెన్ను తీసి, అచ్చు పుస్తకంలో ఆ పేజీ వేలితో పట్టుకుని, అదే అక్షరం దిద్దారు.